మా ఇంటి మగ్గం చేతులు

మా అమ్మాయి అరచేతులు, అరికాళ్లు గట్టిపడడానికి కారణం నేను. మా తాత నుంచి మా నాన్నకు, నాన్న నుంచి నాకు, నా నుంచి దానికి వచ్చిన గుణం అది. ఈ సంగతి అమ్మాయి పుట్టకముందే, నా పెళ్లి కాకముందే నాకు తెలుసు. పాతికేళ్లు ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పని కాలమంతా ఆ నింద నా భార్య మోసింది. ఇప్పుడు రాస్తున్నది అందుకే. నా గురించి ఎవరైనా మంచిగా అనుకుంటారని కాదు, జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని.

మాది గద్వాలలో నేతపని చేసే ఇల్లు. ముందుగదిలో రెండు గుంట మగ్గాలు ఉండేవి. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, కింద చెక్కలు తొక్కుతూ, పైన చేత్తో అడ్డపోగు నాడె విసిరేవాళ్లు. తాత ఒకదాని మీద, నాన్న ఒకదాని మీద. ఇద్దరి అరచేతులూ పసుపుపచ్చగా, మందంగా, ఎండిన చెప్పు అడుగులా ఉండేవి. మణికట్టు దగ్గర గీత గీసినట్టు ఆ మందం ఆగిపోయేది. గీత అంచున సన్నటి ఎరుపు. గీత దాటితే మామూలు చర్మం. కాళ్లకూ అంతే. దాన్ని మా ఇంట్లో మగ్గం చేయి అనేవాళ్లు. నాడె విసిరి చేతులు, చెక్కలు తొక్కి కాళ్లు కాయలు కాచాయని లెక్క. ఆ లెక్కలో ఎక్కడా లోటు కనబడేది కాదు.

గరుకు చేతికి పట్టు పోగు తగులుకుంటుంది. అందుకని అమావాస్యకు మగ్గాలు ఆపినప్పుడు ఇద్దరూ వాకిట్లో గోరువెచ్చటి నీళ్ల తపేలాలో చేతులు నానబెట్టుకుని కూర్చునేవాళ్లు. నానిన తోలును గరుకు రాయితో రుద్ది, బ్లేడుతో చెక్కి, ఆముదం రాసుకునేవాళ్లు. అయిదారేళ్ల వయసు నుంచి నేనూ ఆ తపేలా దగ్గర కూర్చున్నాను. తాతకు అది గర్వం. "వీడు మగ్గం చేయితోనే పుట్టిండు" అని వచ్చినవాళ్లకల్లా నా చేతులు తిప్పి చూపించేవాడు. మా అన్న చేతులు మెత్తగా ఉండేవి. "నీవి క్లర్కు చేతులురా, నువ్వు ఏడనన్న కాయితాలు రాసుకో పో" అని తాత ఎగతాళి చేసేవాడు. చివరికి మగ్గం మీద కూర్చున్నది అన్న. చదువుకునే రోజుల్లో సెలవులకు నాడె విసిరానే గాని, కాగితాలు రాసుకున్నది నేను. ముప్పై ఏళ్లు నాడె విసిరినా అన్న చేతికి వేళ్ల మొదట్లో నాలుగు చిన్న కాయలు తప్ప ఏమీ రాలేదు. అది చూసి కూడా ఇంట్లో ఎవరూ ఏమీ అనుకోలేదు.

మా మేనత్త ఒకామె ఉండేది. ఆమెకూ అవే చేతులు. ఆడవాళ్లు గుంటలో కూర్చునేవాళ్లు కాదు. కండెలు చుట్టడం, అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకడం వాళ్ల పని. మేనత్త ముట్టుకుంటే పట్టు పోగు లేచిపోయేదని ఆమెను వంటకే పెట్టారు. గిన్నెలు తోమి తోమి చేతులు అట్లా అయ్యాయన్నారు. మగవాళ్లకు మగ్గం, ఆమెకు గిన్నెలు. మా ఇంట్లో ప్రతి చేతికీ ఒక కారణం సిద్ధంగా ఉండేది.

డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నప్పుడు మా లెక్చరర్ వంశవృక్షం పాఠం చెప్పి, ఎవరి ఇంట్లో కనబడే ఏదో ఒక లక్షణం తీసుకుని వాళ్లను పటం గీసుకురమ్మన్నాడు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం. లక్షణం ఉన్నవాళ్లకు నలుపు నింపాలి. నేను ఊరికే గీయడం మొదలుపెట్టాను. తాత నలుపు. నాన్న, మేనత్త నలుపు. చిన్నాన్న తెలుపు. అన్న తెలుపు. నేను నలుపు. పెన్సిలు పక్కన పెట్టి చాలాసేపు ఆ కాగితం చూశాను. తరం తప్పకుండా వస్తోంది. ఆడా మగా తేడా లేదు. ఉన్నవాళ్ల పిల్లల్లో ఇంచుమించు సగం మందికి వస్తోంది. మగ్గంతో దానికి పనే లేదు. ఆ కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని, మరునాడు పిల్లికళ్ల మీద ఒక పటం గీసి ఇచ్చాను.

తర్వాత చదువులో మిగతాది తెలిసింది. చర్మం అడుగు వరుసలో కణం పుడుతుంది. కింద కొత్తవి పుడుతుంటే పాతది మెల్లగా పైకి జరుగుతుంది. జరుగుతూ జరుగుతూ తన లోపలంతా కెరటిన్ అనే పోగులు పేనుకుంటుంది. పైకి చేరేసరికి దాని కేంద్రకం పోతుంది, నీరు పోతుంది, బల్లపరుపు పెంకు అయి చచ్చిపోతుంది. మన ఒంటిని కాపాడేది ఆ చచ్చిన పెంకులే. ఇంచుమించు నెల రోజుల ప్రయాణం అది. చివరికి దుమ్ములా రాలిపోతుంది. ఒకచోట రాపిడి ఎక్కువైతే అడుగున కణాలు ఎక్కువగా పుట్టి, పై పెంకులు పేరుకుని కాయ కడుతుంది. రాపిడి ఆగితే కాయ పోతుంది. మాది అట్లాంటిది కాదు. అరచేతుల్లో, అరికాళ్లలో మాత్రమే పేనే ఒక రకం కెరటిన్ పోగు ఉంటుంది. దాని జన్యువులో ఒక్క అక్షరం మారినా ఆ పోగు బలహీనంగా తయారవుతుంది. తల్లి నుంచి వచ్చిన మంచి పోగులు ఉన్నా, ఈ చెడ్డవి వాటితో కలిసి పేనుకోవడం వల్ల పేనిన పేట మొత్తం బలహీనపడుతుంది. అందుకే ఒక వైపు నుంచి వస్తే చాలు. పోగు బలహీనమైతే నేతగాడు గంజి మీద గంజి పట్టిస్తాడు. చర్మం కూడా అదే చేస్తుంది. లోపల నిలవదని తెలిసి పైన మందం పెంచుకుంటూ పోతుంది. మా చేతులు బలం వల్ల గట్టిపడినవి కావు.

వనపర్తిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నాకు ఉద్యోగం దొరికింది. ఏటా వంశవృక్షం పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద నేను గీసేది మా ఇంటి పటమే. "ఒక ఊహా కుటుంబం తీసుకుందాం" అనేవాడిని. పిల్లలు రాసుకునేవాళ్లు. ఆ సుద్దముక్క పట్టుకున్న చేతిని ఎవరూ చూడలేదు. చూసినా ఏమనుకుంటారు, మగ్గం చేయి.

నా భార్యది నాగర్‌కర్నూలు నుంచి కల్వకుర్తి పోయే దారిలో ఒక పల్లె. వాళ్లది సేద్యం. పెళ్లి చూపులనాడు మా మామ నా చేయి పట్టుకుని తడిమి చూశాడు. "సదువుకున్న పిలగానికి గిసుంటి చేతులేంది?" అన్నాడు. మా నాన్న నవ్వి, "మా ఇంట్ల మగ్గం ఎక్కనోడు లేడు" అన్నాడు. మామ ముఖం వికసించింది. "కష్టం జేసిన చేతులు. గింతకన్న ఏం జూడాలె" అన్నాడు. నేను తల దించుకున్నాను. సిగ్గు అనుకున్నారు.

కొత్త కోడలు రాగానే మా ఇంట్లో పట్టుపోగుల లడి ఒకటి ఆమె చేతిలో పెట్టి అరచేతుల మీదుగా లాగేవాళ్లు. పోగు తగులుకోకుండా జారితే ఆమెను పట్టు పనికి పెట్టొచ్చని. నా భార్య చేతుల్లో అది అడుగడుగునా తగులుకుంది. పల్లికాయ పీకిన చేతులు, కలుపు తీసిన చేతులు. మా అమ్మ లడి వెనక్కి తీసుకుని, "ఈ పిల్లకు పట్టు పడదు" అంది. వనపర్తిలో కాపురం పెట్టిన మూడు నెలలకే ఆ కాయలన్నీ రాలిపోయి ఆమె చేతులు దూదిలా అయ్యాయి. నావి ఎప్పటిలాగే ఉన్నాయి. ఇంతకన్నా తేటైన ప్రయోగం ఏ ప్రయోగశాలలోనూ ఉండదు. నేను ఒక్కడినే దాన్ని చూశాను.

అమ్మాయికి అయిదు నెలలు వచ్చాక అరచేతులు పచ్చబారాయి. గద్వాల తీసుకుపోయాం. మా అమ్మ పసిదాన్ని వాకిట్లో వెలుగుకు పట్టుకుని పిడికిలి విప్పి చూసింది.

"ఇదేందే పిల్లా, బిడ్డ చేతులు గిట్లున్నయ్?"

"తెల్వదు అత్తమ్మ. నీళ్లు పడలేదేమో."

"నీళ్లకు గింత తోలు లేస్తదా? కడుపుతోని ఉన్నప్పుడు ఏమన్న జేసినవా? నిజం జెప్పు."

అడిగింది కదా అని నా భార్య నిజంగానే ఆలోచించింది. దాచడం ఆమెకు రాదు. "అయిదో నెల్ల మా ఊర్ల పల్లిచేనుకాడ మా అన్న పామును గొట్టిండు. నేను ఆడనే ఉన్న. గంతే అత్తమ్మ, ఇంకేం లేదు."

"ఇంకేం గావాలె?" అంది అమ్మ.

నేను గడపలో కూర్చుని పేపరు చదువుతున్నాను. రెండు చేతులూ పేపరు కింద ఉన్నాయి. ఒక్క మాట చెబితే అయిపోయేది. మామను మోసం చేసి పిల్లను తెచ్చుకున్నామని ఊరంతా అంటారని భయపడ్డాను. రేపు నెమ్మదిగా భార్యకొక్కదానికే చెబుదాం అనుకున్నాను. ఆ రేపు ఒక నెల అయింది. నెల గడిచాక, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటే ఏం జవాబు చెప్పాలో తెలియలేదు. ఏళ్లు గడిచాయి.

ఆమె ప్రతి శుక్రవారం చెప్పుల్లేకుండా ఊరి బయట పుట్ట దాకా నడిచి పాలు పోసి వచ్చేది. రెండో బిడ్డ వద్దంది. "మల్ల ఒకరికి ఈ తిప్పలెందుకు" అంది. పామును కొట్టిన అన్నతో మాట తగ్గించుకుంది. ఆయన పంట చేతికొచ్చినప్పుడల్లా పల్లికాయ మూట తెచ్చి గడపలో దించేవాడు. ఈమె మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లిపోయేది. ఆయనకు ఎందుకో తెలిసేది కాదు. నాకు తెలుసు.

చలికాలం వస్తే అమ్మాయి మడమలు పగిలి నెత్తురు కారేది. బడికి పోయేముందు నేనే కాళ్లకు మందు రాసి మేజోళ్లు తొడిగేవాడిని. ఆధార్ కోసం వేలు పెడితే మిషను తీసుకునేది కాదు. మూడుసార్లు, నాలుగుసార్లు తుడిచి పెట్టించేవాళ్లు. ఆ తర్వాత కన్ను చూపించమనేవాళ్లు. ఏడేళ్లప్పుడు ఒక రోజు మేజోడు తొడుగుతుంటే నా చేయి పట్టుకుని, "నాయినా, నీ చేతులు గూడ నా లెక్కనే ఉన్నయ్ గదా?" అంది. "నావి మగ్గంవి బిడ్డా" అన్నాను. అది నమ్మింది. నా జీవితంలో నేను చాలా పాఠాలు చెప్పాను. ఆ ఒక్క వాక్యం ఎవరైనా చెరిపేస్తే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

అమ్మాయి పెద్దదయింది. రక్తపరీక్షలు చేసే పని నేర్చుకుంది. తనకు నచ్చినవాడిని చేసుకుని నాగర్‌కర్నూలులో ఉంటోంది. ఈ ఎండాకాలం మొదట్లో దానికి మూడో నెల అని ఫోను వచ్చింది. నా భార్య సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు. ఆమెకు అయిదారేళ్లుగా షుగరు ఉంది. కాళ్లకు స్పర్శ తగ్గింది, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు లేకుండా తిరగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటి నుంచి పుట్టకు చెప్పులతో పోయి దూరంగా విప్పేది. ఇప్పుడు కాన్పు దాకా ప్రతి శుక్రవారం ఇంటి గడప నుంచే ఉత్త కాళ్లతో నడుస్తానని మొక్కుకుంది. నేను వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పలేదు, షుగరు అన్నాను.

ఫోనులో బిడ్డతో అంటుంటే విన్నాను. "నా పాపం నీ మీద పడ్డది బిడ్డా. నీ కడుపుల ఉన్నదాని మీద పడొద్దు. నువ్వు చేన్లకు పోకు, దేన్నీ కొట్టనియ్యకు." అవతల అమ్మాయి ఏమందో వినబడలేదు. తర్వాత అది నాకు చెప్పింది, ఆ మాట విన్న రోజు నుంచి పనికి పోయే దారిలో పాము కనబడుతుందేమోనని నేల చూసుకుంటూ నడిచానని. చదువుకున్న పిల్ల, రోజూ సూక్ష్మదర్శిని ముందు కూర్చునే పిల్ల.

రెండో శుక్రవారం నా భార్య కుంటుతూ వచ్చింది. రోడ్డు వేడికి అరికాలు బొబ్బలెక్కి, బొటనవేలి కింద తోలు ఊడింది. ఆమెకు నొప్పి సరిగా తెలియలేదు. నెత్తురు గుర్తులు చూసి నేనే ఆపి కూర్చోబెట్టాను. కడగడానికి నీళ్లు కాచి తెచ్చాను. చేయి పెట్టి చూస్తే గోరువెచ్చగా అనిపించాయి. ఆమె మోకాలి మీద కొన్ని చుక్కలు పడగానే ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కుంది.

"సలసల కాగుతున్నయ్. మీకు తెలుస్తలేదా?"

తెలియలేదు. నా అరచేతికి వేడి ఆలస్యంగా చేరుతుంది. చన్నీళ్లు కలిపాను. ఆమె తనే చేయి ముంచి చూసి తలూపింది. దూదితో పుండు తుడుస్తూ, తల ఎత్తకుండా చెప్పాను.

"ఇగ పుట్టకు పోవద్దు. బిడ్డ చేతులకూ పాముకూ ఏం సంబంధం లేదు. అది నా నుంచి వచ్చింది."

"మీది మగ్గందాయె."

"మగ్గం ఇడ్చి ముప్పై ఏండ్లు దాటింది. నీ చేతుల కాయలు మూడు నెలల్ల పోయినయ్, యాదికున్నదా? మా తాతకుండె, నాయినకుండె, మేనత్తకుండె. ఇది పుట్టుకతోని వచ్చేది."

ఆమె నా చేతుల్నే చూసింది. "ఎప్పటి సంది తెల్సు మీకు?"

"లగ్గం గాకముందు సంది."

"అత్తమ్మ నన్ను అడిగిన్నాడు గూడ తెల్సా?"

"తెల్సు."

"మా అన్న తెచ్చిన పల్లికాయ ఒక్కటి నోట్ల ఏసుకోలే నేను" అంది. కట్టు కట్టించుకుని లేచి వంటింట్లోకి పోయింది. నాలుగు రోజులు అన్నం పెట్టింది, బట్టలు మడిచింది, మాట్లాడలేదు. పాతికేళ్లు దాచినదాన్ని దించితే తేలికవుతుందని ఎవరన్నారో గాని, నాకైతే అలసట తప్ప ఏమీ అనిపించలేదు. అయిదో రోజు తన అన్నకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడింది. పెట్టేసి నా దగ్గరికి వచ్చింది.

"గద్వాలకు పోదాం. బిడ్డను గూడ రమ్మనుండ్రి. ఆ మాట ఏడ పుట్టిందో ఆడనే చెప్పుండ్రి."

ఆదివారం ముగ్గురం పోయాం. నాన్న పోయి చాలా ఏళ్లయింది. అమ్మకు ఎనభై దాటాయి. ఇప్పటికీ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. మా అన్న ఊళ్లో లేడు, మగ్గాలు ఆగి ఉన్నాయి. నేను నిలబడే చెప్పాను. తాత దగ్గర నుంచి మొదలుపెట్టి, చేతులున్న వాళ్లనూ లేని వాళ్లనూ వరసగా చెప్పుకొచ్చాను. అమ్మ రాట్నం ఆపలేదు.

"అవి మగ్గం చేతులురా" అంది చివరికి.

"నన్ను ఎప్పుడు కూసోబెట్టినవ్ నాయినమ్మా మగ్గం మీద?" అంది అమ్మాయి, రెండు చేతులూ ఆమె ముందు చాపి.

"నోరు మాత్రం మీ అమ్మదే" అంది అమ్మ. అయినా రాట్నం ఆగింది. మనవరాలి అరచేతిని తన వేళ్లతో రెండుసార్లు తడిమింది. మణికట్టు దగ్గర ఆ గీత మీద వేలు ఆగింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నేనేమన్న మీ ఇంట్ల పుట్టిన్నారా? నేనూ బయటినుంచి వచ్చినదాన్నే. మీ తాత మగ్గం అన్నడు, నేను మగ్గం అన్న. నాకు తెల్వక ఆ పిల్లను అన్న. తెల్సినోనివి నువ్వు ఎందుకు సప్పుడు జెయ్యకపోతివి? నా నోటితోని ఎందుకు తిట్టిచ్చినవ్?"

అమ్మ కూడా నేను మోసం చేసినవాళ్లలో ఒకతె అని అంతవరకు నాకు తట్టలేదు.

"పుట్టేదానికి గూడ వస్తదా నాయినా?" అని అడిగింది అమ్మాయి.

"రావొచ్చు, రాకపోవొచ్చు. సగం సగం. పెద్ద దవాఖానల పరీక్ష ఉంటది."

"పరీక్ష సంగతి మేమిద్దరం అనుకుంటం. వస్తే మందు రాసుడు నాకు తెల్సు" అంది. తర్వాత నెమ్మదిగా, "దానికి మాత్రం మగ్గం అని చెప్పకు" అంది.

నా భార్య ఇదంతా వింటూ గోడకు ఆనుకుని కూర్చుంది. కట్టు కట్టిన కాలు చాపుకుని ఉంది. "అందరికీ చెప్పిండ్రు. నాకు చెప్పాల్సింది నాకు చెప్పుండ్రి" అంది.

ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. మా అమ్మ, మా అమ్మాయి చూస్తుండగా చెప్పాను. "బిడ్డ చేతులల్ల నీ తప్పు ఏనాడు లేదు. మీ అన్న తప్పు లేదు. నాకు అన్నీ తెల్సి, నా పరువు పోతదని నిన్ను పాతికేండ్లు పుట్టల పొంటి తిరగనిచ్చిన. ఇంకొక బిడ్డ లేకుండ జేసిన. అది తిరిగి ఇయ్యలేను. తప్పు జేసిన. నన్ను క్షమించు."